జవాబు సరే, ఆధారమేది?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్‌లలో అద్దె గదుల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదివే యువతీయువకులు జనరల్ నాలెడ్జి ప్రశ్నలను ఫోన్లలో రోజూ పంచుకుంటున్నారు. మన ఇళ్ల పిల్లలూ వారిలో ఉన్నారు. ఇది మంచి అలవాటే.

అయితే 'జాతీయ క్రీడ హాకీ' అనే జవాబు ఇంకా తిరుగుతూనే ఉంది. ఏ క్రీడనూ అలా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖ 2012లోనే తెలిపింది. హిందీ జాతీయ భాష అనడమూ అంతే. రాజ్యాంగంలోని 343వ అధికరణం దాన్ని కేంద్రానికి అధికార భాష అనే పేర్కొంది.

తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలుంటాయి. ఒక్క మార్కు తేడాతో ఏళ్ల శ్రమ, అమ్మానాన్నల ఆశ వృథా కావచ్చు. విన్నదాన్నల్లా విచారించకుండా ఇతరులకు చేరవేయడం మనకు తగదు. పంపే ముందు పాఠ్యపుస్తకమో, ప్రభుత్వ ప్రచురణో చూడండి. తప్పు జవాబు పంపినవారు దాన్ని సరిదిద్ది మళ్లీ పంపాలని కోరుతున్నాము.