ఇంటికి పంపిన రోగికి పద్దు ఏది?

"ఇక చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి." క్యాన్సర్ ముదిరిన రోగి బంధువులు ఆసుపత్రిలో వినే చివరి మాట ఇదే. కమలాపురంలో మేము ఇయాదత్‌కు వెళ్ళిన ఇళ్ళలో అసలు కష్టం ఆ మాట తరువాతనే మొదలైంది. రాత్రంతా నొప్పి, పుండు కడిగేవారుండరు, భర్తను విడిచి కూలికి వెళ్ళలేని ఇల్లాలికి అప్పే గతి.

నయం కాని జబ్బులోనూ నొప్పిని తగ్గించి, రోగిని గౌరవంగా బ్రతకనిచ్చేది ఉపశమన చికిత్స. ఇది అవసరమైనవారిలో సుమారు 14 శాతానికే అందుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పేదలకు చేసిన మేలును కాదనలేము. అయితే దాని చెల్లింపులు ప్రధానంగా ఆసుపత్రిలో జరిగిన చికిత్సకు, ప్యాకేజీల లెక్కన జరుగుతాయి. ప్రైవేటు ఆసుపత్రుల రాబడీ ఆపరేషన్లు, పరీక్షల మీదనే. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఆ లెక్కల్లో ఇమడడు.

కేంద్రం 2012లో జాతీయ ఉపశమన చికిత్స కార్యక్రమాన్ని రూపొందించింది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. కానీ రాష్ట్రం తన వార్షిక ప్రణాళికలో కోరితేనే ఆ నిధులు వస్తాయి. పద్దు లేని పనికి పైసా విడుదల కాదని ప్రభుత్వ కార్యాలయాల్లో జీవితం గడిపిన మాకు బాగా తెలుసు.

కేరళ 2008లోనే దీనికొక విధానాన్ని ప్రకటించి, ఇంటివద్ద సేవల బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించింది. ముస్లింలు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగువారే చందాలు పోగుచేసి, శిక్షణ పొంది రోగుల ఇళ్ళకు వెళుతున్నారు. అక్కడ ప్రజల సేవ, ప్రభుత్వ నిధి కలిసి నడిచాయి.

మన కోరిక పెద్దదేమీ కాదు. కమలాపురం ప్రభుత్వాసుపత్రి నుండి వారానికొకసారి ఇళ్ళకు వెళ్ళే నర్సు, ఒక వాహనం, వైద్యుని పర్యవేక్షణలో మార్ఫిన్ మాత్రలు కావాలి. మార్ఫిన్ అనుమతులను సులభం చేస్తూ 2014లోనే చట్టాన్ని సవరించారు.

జకాత్ హక్కుదారులలో పేదలూ, అప్పులపాలైనవారూ ఉన్నారు. రోగి ఇంటి రేషనుకు, దారి ఖర్చులకు మన మస్జిద్ కమిటీలు ముందుకు రావాలి. అయితే వైద్యం పౌరుని హక్కు. మన సదఖాను చూపి ప్రభుత్వం తప్పుకోరాదు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, కులమతాలకతీతంగా రోగుల కుటుంబాలన్నిటితో కలిసి అర్జీ ఇద్దాం. రసీదు తీసుకుందాం, జవాబు వచ్చేవరకు అడుగుదాం.