సగ్గుబియ్యం ఉండగా ఈ పూసలెందుకు?

మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటపాటలతోనే చదువు సాగాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మన బాల్వాడీల్లో పిండి పిసికించడం, నీళ్లు ఒంపించడం, ఇసుక తడిమించడం ఆ దారిలోవే. చేత్తో తాకి చూసినప్పుడే 'మెత్తన', 'గరుకు', 'జారుడు' అన్న మాటలు పిల్లల నోట నిలుస్తాయి. బయట మరాఠీ, హిందీ వినే తెలుగు పిల్లలకు ఇది మరీ అవసరం.

కానీ ఈ ఆటల కోసం వాటర్ బీడ్స్, జెల్లీ బాల్స్ అన్న పేర్లతో దొరికే నీటి పూసలు మాత్రం వద్దంటున్నాం. నీళ్లు పీల్చే ప్లాస్టిక్ జాతి పదార్థంతో చేసే ఈ పూస పొడిగా ఉన్నప్పుడు ఆవగింజంత. నీళ్లలో వేస్తే గోలీ అంతవుతుంది. మింగితే కడుపులోనూ అలాగే ఉబ్బి పేగుకు అడ్డం పడుతుంది. పొట్లం మీద 'విషం లేదు' అని రాసి ఉన్నంత మాత్రాన ప్రమాదం తప్పదు. మామూలు ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు కూడా. 2023లో అమెరికాలో పది నెలల పాప ఇలాగే ప్రాణం కోల్పోయింది. ఆ ఏడాది డిసెంబరులో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ సంస్థలు పిల్లల కోసమని వీటిని అమ్మడం ఆపేస్తామని ప్రకటించాయి.

'బడిలో టీచరు చూస్తూనే ఉంటుంది కదా' అనవచ్చు. మా భయం బడితో ఆగదు. కామాఠిపుర గల్లీల్లో చాలా కుటుంబాలది ఒక్క గది కాపురం. వర్లీ, నాయగావ్ పాత బీడీడీ చాళ్లలో గది 160 చదరపు అడుగులే ఉండేది. అన్న జేబులో తెచ్చిన పూస మంచం కిందికి దొర్లితే, అదే నేల మీద పాకే చెల్లి చేతికి చిక్కుతుంది. పెద్ద పిల్లల ఆటవస్తువును పసివాళ్లకు అందకుండా దాచే చోటు మన ఇళ్లలో లేదు.

14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఇవే పూసలను కుండీల అలంకరణకని అమ్మితే ఆ రక్షణ ఉండదు.

బదులుగా సగ్గుబియ్యం ఉడికించండి. చల్లార్చి, కొంచెం పసుపో బీట్‌రూట్ రసమో కలపండి. అదే మెరుపు, అదే జారుడు. నోట్లో పెట్టుకున్నా మెత్తగా నలిగిపోతుంది. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, ఏ రోజుది ఆ రోజే పారేయాలి.

బిడ్డ పూస మింగిందని అనుమానం వచ్చినా, వాంతులు, పొట్ట ఉబ్బరం, తిండి మానేయడం కోసం ఎదురుచూడకండి. వాంతి చేయించకండి. చెవిలో దూరితే నూనె, నీళ్లు, చుక్కల మందు వేయకండి. వెంటనే నాయర్ ఆసుపత్రికో జేజే ఆసుపత్రికో తీసుకెళ్లి, 'నీళ్లలో ఉబ్బే పూస' అని స్పష్టంగా చెప్పండి. పొట్లం ఉంటే చూపించండి.

ప్రధానోపాధ్యాయులు వచ్చే తల్లిదండ్రుల సమావేశంలోనే ఈ సంగతి చెప్పాలి. బడి సామాన్లలో ఈ పూసలుంటే ఈరోజే తీసేయాలి. వాటిని మోరీలో పోయకండి, అక్కడా ఉబ్బి నీటికి అడ్డం పడతాయి. మూటకట్టి చెత్తలో వేయండి.