హరిణ వనస్థలి ప్రణాళికలో పొరుగువారికి చోటేది?

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ కూడలి దాటి విజయవాడ రహదారి పడితే చింతలకుంట, వనస్థలిపురం, ఆటోనగర్ దాకా ఇళ్లు, షెడ్లు, లారీలు తప్ప మరేమీ కనిపించవు. ఆ రద్దీని ఆనుకునే, గోడ అవతల, సుమారు 3,600 ఎకరాల అడవి ఉంది. అదే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేటకు వాడుకున్న నేల. మహావీరుడి 2,500వ నిర్వాణ ఉత్సవాల సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టారు. 1994లో జాతీయ వనంగా ప్రకటించారు. ఇలాంటి వనాన్ని వచ్చే పదేళ్లూ ఎలా చూసుకోవాలో చెప్పడానికి నిర్వహణ ప్రణాళిక ఒకటి ఉంటుంది. ఎక్కడ గడ్డి పెంచాలి, ఎక్కడ నీళ్లు నిలపాలి, జనాన్ని ఎంతవరకు రానివ్వాలి, గోడ పక్కన ఏం చేయాలి అన్నవన్నీ అందులో తేలాల్సినవే. దాన్ని అటవీశాఖ అధికారులు తయారుచేస్తారు, పై అధికారులు ఆమోదిస్తారు. గోడకు ఇవతల బతుకుతున్న లక్షల మందిని అడిగి తీరాలన్న నిబంధన మాత్రం లేదు. ముసాయిదా దశలోనే వాళ్లను అడగాలి, వాళ్లు చెప్పినదానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. అలా చేయకపోవడం వల్ల నష్టపోతున్నది జనం ఒక్కరే కాదు, అడవి కూడా.

మన చట్టంలో ప్రజల ఊసే లేదనడం సరికాదు. ఉంది, కానీ ఆ చట్టం కళ్ల ముందున్న అడవి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఒక ప్రాంతాన్ని రక్షిత ప్రాంతం చేసేటప్పుడు కలెక్టరు స్థానిక భాషలో ప్రకటన వేయించి, భూమి మీద హక్కులున్నవారికి తమ వాదన చెప్పుకోవడానికి రెండు నెలల గడువివ్వాలి. హక్కుదారుకు ఆ గడువుంది, పొరుగువాడికి లేదు. అభయారణ్యాలకు సలహా సంఘం వేయాలని అదే చట్టంలోని 33బి సెక్షన్ చెబుతోంది. అందులో స్థానిక శాసనసభ్యుడు, ముగ్గురు పంచాయతీరాజ్ ప్రతినిధులు, స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు, వన్యప్రాణి రంగంలో పనిచేసేవారు ముగ్గురు ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోనూ, అటవీహక్కుల చట్టం వర్తించే చోట్లా అభయారణ్యం ప్రణాళికను గ్రామసభతో సంప్రదించి తయారుచేయాలని 2022 సవరణ చేర్చింది. ఇవన్నీ మంచి నిబంధనలే. అయితే వీటిని రాసినవారి ఊహలో అడవి చుట్టూ పల్లెలున్నాయి. వనస్థలిపురం చుట్టుపక్కల సర్పంచి ఎక్కడున్నాడు, గ్రామసభ ఎక్కడుంది? రాష్ట్రంలోనే అత్యధిక ఓటర్లున్న నియోజకవర్గాల్లో ఒకటైన ఎల్బీనగర్‌లో ఉన్నవి కాలనీలు, బస్తీలు, వార్డులు. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ చెబుతున్నా, అడవి చట్టానికి వాటితో ముడి లేదు. నగరం నడుమ చిక్కిన జాతీయ వనం ఈ రెంటి సందులో పడిపోయింది.

అడగని చోట జనం ఊరుకోలేదు. ఆఖరి ఘడియలో, రోడ్డెక్కో కోర్టుకెక్కో మాట్లాడారు. బంజారాహిల్స్ దగ్గరి కేబీఆర్ జాతీయ వనం చుట్టూ వంతెనల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదన వస్తే 2016లో నగరవాసులు ఉద్యమించారు, హరిత ట్రిబ్యునల్ నరికివేతను ఆపింది. ఆ వివాదం అక్కడితో ముగియలేదు. ఆ వనం చుట్టూ పర్యావరణ సున్నిత మండలం హద్దును 2020లో మూడు మీటర్ల నుంచి 29.8 మీటర్ల దాకా ఖరారు చేశాక మరింత ముదిరింది. 2019లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు కేంద్రంలో సూత్రప్రాయ అనుమతి వచ్చిందని తెలిసి రాష్ట్రమంతా కదిలింది. సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేయాల్సి వచ్చింది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల ప్రభుత్వ భూమి మీద యంత్రాలు దిగి చెట్లు కూలుస్తుంటే విద్యార్థులు అడ్డం నిలిచారు, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఈ మూడింట్లోనూ జనం మాట నెగ్గినట్టే కనిపిస్తుంది. కానీ గచ్చిబౌలిలో ఆదేశం వచ్చేసరికే నేల బోసిపోయింది. కూలిన చెట్టుకు స్టే ఉత్తర్వు పనికిరాదు.

నాలుగో ఉదాహరణ ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఓడింది వన్యప్రాణి సంరక్షణే. కవ్వాల్, తడోబా అడవుల మధ్య పులులు తిరిగే దారిని కాపాడటానికి ప్రభుత్వం 2025 మే నెలాఖరున జీవో 49 ఇచ్చి కుమురం భీం పేరుతో సంరక్షణ రిజర్వును ప్రకటించింది. ఇలాంటి రిజర్వును స్థానిక సముదాయాలతో సంప్రదించాకే ప్రకటించాలని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36ఎ సెక్షన్ స్పష్టంగా అంటోంది. తమ హక్కులకు ముప్పు వస్తుందని ఆదివాసీలు ఆందోళనకు దిగారు, జూలైలో ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టింది. పులుల దారి ఎంత అవసరమైనదైనా, ఆ నేల మీద బతికేవారికి నమ్మకం కుదరనిదే కాగితం మీది గీత నిలవలేదు. సంప్రదింపు అంటే సంరక్షణకు అడ్డంకి అనుకునే అధికారులు ఈ సంగతిని తీరిగ్గా ఆలోచించాలి.

హరిణ వనస్థలికి వస్తే, ప్రణాళికలో తేలాల్సిన ప్రశ్నలు ఎంతవరకు శాస్త్రానివి, ఎంతవరకు జనానివి అన్నది విడదీసి చూడాలి. ఇక్కడి కృష్ణజింక చిట్టడవిలో దాక్కునే జంతువు కాదు. కంటికి దూరం కనిపించాలి, పరుగుకు మైదానం ఉండాలి. దానికి కావలసింది గడ్డి, అక్కడక్కడా పొదలు. పచ్చదనం అంటే చెట్లే అనుకునే నగరవాసికి ఆ ఖాళీ నేల బీడులా కనిపిస్తుంది. 2015లో మొదలైన హరితహారం మొక్కల లెక్కల మీద నడిచింది కాబట్టి, ప్రభుత్వ ఆలోచనా ఈ విషయంలో జనం ఆలోచనకు దూరంగా లేదు. ఎంత గడ్డి, ఎంత చెట్టు అన్నది జీవశాస్త్రం చెప్పాలి, అక్కడ ఓటింగు అనవసరం. కానీ మిగతావి చూడండి. కాలనీల్లో పారేసిన చెత్త తిని పెరిగే వీధికుక్కలు జింకలకు మృత్యువు. ఆ చెత్తను ఆపగలిగేది అటవీశాఖ కాదు, కాలనీవాళ్లు, నగరపాలక సంస్థ. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్, హయత్‌నగర్ ప్రాంతాల కాలనీలు ఎలా మునిగాయో ఇక్కడివారికి గుర్తుంది. సిమెంటు పడని వేల ఎకరాల నేల వాననీటిని ఎంత పీల్చుకుంటుందో, ఏ నాలా నీరు ఎటు పోవాలో అన్నది అడవి ప్రశ్న మాత్రమే కాదు, దిగువన ఇల్లు కట్టుకున్న ప్రతి కుటుంబం ప్రశ్న. గోడ ఎంత ఎత్తు, దాని వెంట వీధిదీపాలు ఎంత వెలుతురు వెదజల్లాలి, నడకదారి ఎక్కడ ఆగాలి అన్నవీ అలాంటివే. వీటికి జవాబు ఒక్క శాఖ దగ్గర ఉండదు. ఒక్క శాఖే రాసిన ప్రణాళికలో ఇవి ఉన్నా, అమలు చేసే చేతులు ఉండవు.

ఇక్కడే బలమైన అభ్యంతరం వస్తుంది. జింకకు ఓటు లేదు. చుట్టుపక్కలవాళ్లను అడిగితే దగ్గరి దారి కోసం వనం మధ్యనుంచి రోడ్డు వేయమంటారు, సున్నిత మండలం ఎత్తేయమంటారు, ప్లాట్ల ధర పెరిగేదే కోరుకుంటారు. పైగా సంప్రదింపు సభలను రియల్ ఎస్టేట్ వ్యాపారులు తమ మనుషులతో నింపేస్తారు. ఈ భయం ఉత్తిది కాదు. రక్షిత అడవుల చుట్టూ కనీసం ఒక కిలోమీటరు సున్నిత మండలం ఉండాలని సుప్రీంకోర్టు 2022 జూన్‌లో ఆదేశించినప్పుడు కేరళలో వచ్చిన నిరసన చిన్నది కాదు, 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించింది కూడా. అయితే ఈ అభ్యంతరం, అడగడం అంటే తాకట్టు పెట్టడం అనుకుంటోంది. జాతీయ వనం హద్దులను జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా మార్చడానికి చట్టం ఒప్పుకోదు. లోపలి జీవజాలానికి హాని చేసే పనులనూ నిషేధించింది. ఆ గీతలు సంప్రదింపుకు బయటే ఉంటాయి, ఉండాలి. సభ మొదలయ్యే ముందే అధికారి ఆ మాట చెప్పాలి: ఈ నేల ఉంటుందా ఉండదా అన్నది ఇవాళ్టి ప్రశ్న కాదు, దీన్ని ఎలా చూసుకోవాలన్నదే ప్రశ్న అని. ఇక వ్యాపారుల సంగతి. వాళ్లకు బహిరంగ సభతో పనిలేదు. సచివాలయంలో తలుపులు వాళ్లకు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. మూసిన గదిలో ఎవరు ఏం అడిగారో ఎవరికీ తెలియదు. బహిరంగంగా, రాతలో అడిగితే పదిమందీ చదువుతారు.

జనం అంటే ఎవరన్న ప్రశ్న నాకు దీనికన్నా కష్టంగా తోస్తుంది. నగరంలోని మూడు జాతీయ వనాల్లో కేబీఆర్ వనం 1.43 చదరపు కిలోమీటర్లు, చిలుకూరు దగ్గరి మృగవని 3.6, హరిణ వనస్థలి 14.59. మొత్తంలో నాలుగింట మూడు వంతులు తూర్పునే ఉన్నా, పత్రికల్లో, కోర్టుల్లో వినిపించింది ఎక్కువగా పదో వంతైనా లేని కేబీఆర్ గొడవే. దాని చుట్టూ ఉన్నవారికి వకీళ్లున్నారు, పలుకుబడి ఉంది. అడగడాన్ని ఒక నియమంగా పెట్టకపోతే బలమున్నవాడి అడవే బతుకుతుంది. పెట్టినా, కాలనీ సంక్షేమ సంఘాల అధ్యక్షులను నలుగురిని పిలిచి టీ ఇచ్చి పంపితే సరిపోదు. ఆ సంఘాలు చాలావరకు ఇంటి యజమానులవి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే విద్యార్థులు, అద్దె ఇళ్లవాళ్లు, ఆటోనగర్ షెడ్లలో పనిచేసే మెకానిక్కులు ఆ జాబితాలో ఉండరు. ఇరుకు గదుల్లో ఉండేవారికి ఖాళీ నేల అవసరం మిగతావాళ్లకన్నా ఎక్కువే. వాళ్లకు వీలైన రోజున, సెలవు పూట, వాళ్లకు తెలిసిన భాషలో సభ పెట్టాలి. భాష చిన్న విషయం కాదు. పర్యావరణ నోటిఫికేషన్ల ముసాయిదాల మీద అరవై రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, కానీ అవి కేంద్ర గెజిట్‌లో హిందీ, ఇంగ్లిషుల్లోనే వస్తాయి. పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాను ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నింటిలోకీ తేవాలని 2020 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మనకు ఈ అనుభవం కొత్తదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల్లో మొదలైన ఉమ్మడి అటవీ యాజమాన్యం కింద వేల సంఖ్యలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. బోసిపోయిన గుట్టలు చాలాచోట్ల మళ్లీ పచ్చబడ్డాయి. కానీ నిధులు, నిర్ణయాలు శాఖ చేతిలోనే ఉండటంతో ప్రాజెక్టు డబ్బు ఆగగానే చాలా సమితులు పేరుకు మిగిలాయి. పనిలో వాటా ఇచ్చి నిర్ణయంలో ఇవ్వకపోవడమే అక్కడి లోపం. అమెరికాలో 1976 నాటి జాతీయ అడవుల నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జాతీయ అడవికీ ప్రణాళిక ఉండాలి, దాన్ని పదిహేనేళ్లకోసారైనా సవరించాలి, తయారీలో ప్రజలు పాల్గొనాలి. పెద్ద ప్రణాళికల ముసాయిదా మీద తొంభై రోజులు అభిప్రాయాలు తీసుకుంటారు, వాటికి శాఖ జవాబు చెప్పాలి. దానివల్ల అక్కడ ప్రణాళికలు ఏళ్ల తరబడి సాగిన మాట నిజం, కోర్టు కేసులు ఆగని మాటా నిజమే. ఆ పద్ధతినంతా ఇక్కడికి ఎత్తుకు రమ్మనడం లేదు. ఇది తీసుకోదగింది, ఇది కాదు, కారణమిదీ అని శాఖ రాసి ఇవ్వడం ఒక్కటి తీసుకుంటే చాలు. పదేళ్ల ప్రణాళికకు రెండు నెలలు ఆలస్యమైతే అడవికి వచ్చే నష్టమేమీ లేదు. వేటగాళ్లకు పనికొచ్చే వివరాలు, జింకలు ఏ వేళ ఎక్కడ నీళ్లు తాగుతాయన్నలాంటివి, ప్రచురించాల్సిన పనీ లేదు.

ఇందుకు పార్లమెంటు కదలనక్కర్లేదు. ప్రజలను ప్రభావితం చేసే ముఖ్య నిర్ణయాలకు సంబంధించిన వాస్తవాలను ప్రభుత్వ సంస్థలు తమంతట తామే వెల్లడించాలని సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ 2005 నుంచే చెబుతోంది. దేశంలోని జాతీయ వనాల పనితీరును కేంద్రం మదింపు చేయించేటప్పుడు, ప్రణాళికలో భాగస్వాములకు అవకాశం ఇచ్చారా అన్నది కూడా ఒక కొలమానమే. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు 7.1 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని రాష్ట్ర మంత్రివర్గం 2024లో ఆమోదించింది. అది వనస్థలిపురం, ఆటోనగర్ మీదుగానే పోవాలి. అది వచ్చాక వనం చుట్టూ కట్టడాల ఒత్తిడి ఎలా ఉంటుందో ఊహించడానికి పెద్ద అధ్యయనం అక్కర్లేదు. పనులు మొదలుకాక ముందే ప్రస్తుత ప్రణాళికను తెలుగులో, ఉర్దూలో బయటపెట్టి, వార్డు కార్యాలయాల్లో, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మెట్రో స్టేషన్లలో అందుబాటులో ఉంచి, అరవై రోజులు అభిప్రాయాలు తీసుకుని, వార్డు ప్రతినిధులకూ అద్దెదారులకూ చోటున్న సలహా సంఘాన్ని వేయడానికి రాష్ట్ర అటవీశాఖ ఉత్తర్వు ఒక్కటి సరిపోతుంది.