అందరి తోట

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కి పాత పేరు బాగ్-ఏ-ఆమ్. మామిడితోట అనుకునేరు! ఉర్దూలో 'ఆమ్' అంటే మామిడిపండే కాదు, జనసామాన్యం అని కూడా. అంటే అది అందరి తోట అన్నమాట. షాహీ మసీదు, జూబిలీ హాలు, లలిత కళాతోరణం, పిల్లల బాలభవన్ అన్నీ అక్కడే ఉన్నాయి.

మరి మన కాలనీ పార్కులు అందరివీ అవుతున్నాయా? మా పార్కుకి ఎప్పుడైనా వెళ్ళావా అని మా పనమ్మాయిని అడిగితే, "అది బూట్లేసుకుని నడిచే పెద్దోళ్ళకి కదమ్మా!" అంది. పక్కింటి బేగంగారేమో, "ఒక్కదాన్నే ఎలా కూర్చోను, అందరూ చూస్తారు" అన్నారు. గేటు తెరిచే ఉంది, గొళ్ళెమంతా మనసుల్లోనే!

చెల్లెళ్ళూ, ఈ ఆదివారం ఓ సోలెడు బియ్యం ఎక్కువ పోసి పులిహోర కలపండి. చాపా, మంచినీళ్ళూ పట్టుకుని బయల్దేరండి. పై వాటావాళ్ళనీ, పనమ్మాయినీ, ఆమె పిల్లల్నీ పిలవండి. "మీరూ వెళ్ళండి" అంటే ఎవరూ కదలరు. "రండి, కలిసి వెళ్దాం" అంటేనే కదులుతారు. ఒక్కరైతే బెరుకు, నలుగురైతే ధైర్యం. మిమ్మల్ని చూసి మరో నలుగురు ఆడవాళ్ళు నిశ్చింతగా కూర్చుంటారు.

లైట్లు వెలక్కపోయినా, మరుగుదొడ్డికి తాళం వేసున్నా ఇంటికొచ్చి సణుక్కోకండి. అందరూ సంతకాలు పెట్టి మున్సిపాలిటీకి అర్జీ ఇవ్వండి. తిన్న విస్తరాకులు మాత్రం అక్కడ పారేయకండేం!

మేం పోయిన ఆదివారమే వెళ్ళాం. మా పులిహోర, బేగంగారి సేమియా నిమిషంలో ఖాళీ. పనమ్మాయి కూతురు ఉయ్యాల దిగనంటే దిగనంది!