కాటిసీనుకు స్టాప్‌వాచీ పనికిరాదు

పల్నాడులో రాజుపాలెం చుట్టుపక్కల ఒక ఊళ్లో మొన్న శివరాత్రి తిరునాళ్లకు హరిశ్చంద్ర నాటకం మాట్లాడుకున్నారు. తీరా వారం రోజులుందనగా కమిటీవారు నాటక సమాజాన్ని రావద్దన్నారు. తెర కట్టి ఎన్టీఆర్ హరిశ్చంద్ర సినిమా వేశారు. అడిగితే, ‘‘కథ అదేగా, పైగా ఖర్చు తక్కువ’’ అన్నారు.

కథ అదే, కాదనం. కానీ బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకానికి జనం కథ కోసం ఏనాడు వచ్చారు? హరిశ్చంద్రుడు చివరికి ఏమవుతాడో తెలియనివాడు ఆ పందిట్లో ఉండడు. నిద్ర ఆపుకొని కూర్చునేది కాటిసీను కోసం. కాటికాపరిగా మారిన హరిశ్చంద్రుడు కర్ర భుజాన వేసుకొని మైకు ముందుకొస్తాడు. హార్మోనియం శ్రుతి పడుతుంది. అప్పుడు జనం ఎదురుచూసే పద్యాలు బలిజేపల్లివి కావు, మన వినుకొండ జాషువావి. ‘శ్మశానవాటి’ ఖండిక నుంచి నటులు తెచ్చి కలుపుకున్నారు. నాటకకర్త రాయకపోయినా జనం అడిగి నిలబెట్టుకున్నారు. అంటరానివాడని ఈ సమాజం అవమానించిన కవి, కాటిలో రాజూ పేదా ఒకటేనని చెబితే, అన్ని కులాలవాళ్లూ ఒకే పందిట్లో కూర్చొని వన్స్‌మోర్ కొట్టి మళ్లీ పాడించుకున్నారు. గొంతు బాగా పలికిన రాత్రి రాగం ఇంకాస్త సాగుతుంది. ముందు వరుసలో ముసలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటే నటుడు అదే పాదాన్ని మళ్లీ ఎత్తుకుంటాడు. ఆ రాత్రికి ఆ నాటకం ఎంతసేపో పందిరే తేలుస్తుంది.

కమిటీవారు వేసిన ఆ సినిమాను 1965లో తీసింది సామాన్యుడు కాదు, ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి. ఏ సీను ఎన్ని నిమిషాలో స్టాప్‌వాచీ పెట్టి ముందే లెక్క కట్టుకునే దర్శకుడు. ఎన్టీఆర్, ఎస్.వరలక్ష్మి, పెండ్యాల సంగీతం, దేనికీ లోటు లేదు. అయినా తెలుగులో ఆడలేదు. అదే ఏడాది కన్నడంలో రాజ్‌కుమార్‌తో వచ్చిన ‘సత్య హరిశ్చంద్ర’ ఘనవిజయం సాధించింది. కన్నడంలో నాటక కంపెనీలు లేవా అని కొందరంటారు. ఉన్నాయి, కానీ అక్కడి కాటిలో జాషువా లేడు. ఆయన పద్యాలు చెవుల్లో నింపుకొని హాలుకొచ్చిన తెలుగువాడికి తెరమీది హరిశ్చంద్రుడు ఆనలేదు. వన్స్‌మోర్ అంటే తెర పలకదు కదా!

ఇంతకీ సినిమా ఎవరి తిండి తిని పెరిగింది? 1932లో మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ సురభివారు ఆడిన నాటకమే. కథలు, పద్యాలు, నటులు అన్నీ రంగస్థలం ఇచ్చినవే. ఇవాళ ప్రభుత్వ సంస్థ పేరులో కూడా సినిమా, టీవీ తర్వాతే నాటకం. తిరునాళ్ల ప్రభల మీద రికార్డింగ్ డాన్సులకు దొరికే డబ్బు హార్మోనిస్టు కూలికి దొరకదట! ఇది పేదరికం కాదు, చిన్నచూపు. పల్నాడులో పుట్టిన పద్యానికి పల్నాడులోనే పందిరి లేకుండా చేయడం ద్రోహం.

కమిటీ పెద్దలు ఆ సమాజానికి ఒప్పుకున్న సొమ్ము ముందు ముట్టజెప్పాలి. వచ్చే శివరాత్రికి తెర కట్టుకుంటే కట్టుకోండి. దాని ముందు కాటిసీను ఒక్కటైనా ఆడించండి. ఎప్పుడు ఆపాలో మాత్రం మీరు చెప్పకండి.