టీకాకు ముందు తొలి మేత

కోళ్లలో రోగనిరోధక శక్తి ప్రస్తావన వచ్చినప్పుడల్లా విస్తరణ సమావేశాల్లో ముందుగా చర్చకు వచ్చేది టీకాల పట్టిక. మొదటి వారంలో కొక్కెర తెగులుకు, రెండో వారంలో గంబోరో వ్యాధికి టీకా వేయించాలన్న సూచన సరైనదే. అయితే ఆ టీకాకు స్పందించవలసిన అవయవాలు అప్పటికి ఏ మేరకు ఎదిగి ఉంటాయన్న ప్రశ్నకు తగిన ప్రాధాన్యం లభించడం లేదు. పిల్ల గుడ్డు నుంచి వెలువడిన తొలి 48 గంటల పోషణకు ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉంది.

కోడిగుడ్డు పొదుగుడు కాలం 21 రోజులు. ఒకే యంత్రంలో పెట్టిన గుడ్లలో మొదటి పిల్లకు, చివరి పిల్లకు మధ్య 24 నుంచి 36 గంటల తేడా ఉండవచ్చు. ఆ తర్వాత పిల్లల ఏరివేత, మారెక్స్ వ్యాధి టీకా, రవాణాకు మరికొంత కాలం పడుతుంది. ముందుగా వెలువడిన పిల్ల మేత, నీరు లేకుండా రెండు రోజులు గడిపినా, లెక్కల్లో మాత్రం అది ఒక రోజు పిల్లే.

పచ్చసొన నిల్వ ఉండగా ఈ ఆలస్యం వల్ల నష్టం లేదన్న వాదన ఉంది. ప్రాణం నిలవడానికి ఆ నిల్వ చాలుతుంది; రోగనిరోధక వ్యవస్థ వికాసానికి అది మాత్రమే చాలదు. పచ్చసొనలో కొవ్వుతో పాటు తల్లి నుంచి సంక్రమించిన ప్రతిరక్షకాలు ఉంటాయి. పేగులోకి మేత చేరినప్పుడు పచ్చసొన వినియోగం సైతం వేగవంతమవుతుంది.

ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలు పరిణతి చెందే ఫాబ్రిషియస్ బర్సా మలద్వారానికి ఆనుకొని ఉంటుంది. ప్రతిరక్షకాల ఉత్పత్తిలో దాని పాత్రను బ్రూస్ గ్లిక్ బృందం 1956లో వెల్లడించింది. ‘బి’ కణాలకు ఆ పేరు బర్సా నుంచే వచ్చింది. మేతతో, సూక్ష్మజీవులతో ఏర్పడే తొలి పరిచయం బర్సాకు, పేగులోని రోగనిరోధక కణజాలానికి ప్రేరణ ఇస్తుంది. మేత ఆలస్యమైన పిల్లల్లో తొలి రెండు వారాలు ఈ వికాసం వెనుకబడుతుందని ప్రయోగాలు తెలిపాయి. టీకాలు వేసేదీ ఆ రెండు వారాల్లోనే.

తొలి మేత టీకాకు ప్రత్యామ్నాయం కాదు. బూజు పట్టిన మొక్కజొన్నతో చేసిన దాణాను త్వరగా అందించినా మేలు జరగదు. అందులోని అఫ్లాటాక్సిన్ బర్సాను, థైమస్‌ను దెబ్బతీస్తుంది. కనుక సకాలంతో పాటు నాణ్యత కూడా అవసరం.

ఈ అంశం పెద్ద ఫారాలకే పరిమితమైనది కాదు. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలు దూర గ్రామాలకు చేరుతున్నాయి. టీకా వేయించిన తర్వాత కూడా పిల్లలు చనిపోతే పెంపకందారు నమ్మకం కోల్పోయేది టీకాపైనే. మరుసటి విడతకు ఆమె టీకా వేయించకపోవచ్చు.

అందువల్ల విస్తరణ సిబ్బంది నమోదు పత్రంలో రెండు సమయాలకు చోటు కల్పించాలి: పిల్లలను యంత్రం నుంచి తీసిన సమయం, తొలి మేత అందిన సమయం. పిల్లలు రాకముందే బ్రూడర్‌ను వేడిచేసి, నీటిని, కాగితంపై పరచిన దాణాను సిద్ధంగా ఉంచాలి. 24 గంటల తర్వాత కొన్ని పిల్లల మెడ కింది మేత సంచిని తాకి చూడాలి. నూటికి 95 పిల్లల్లో అది నిండుగా, మెత్తగా ఉండాలి. టీకా విఫలమైందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు శీతలీకరణ లోపంతో పాటు ఈ వివరాలనూ పరిశీలించాలి. వీటికి అదనపు వ్యయం దాదాపు లేదు. టీకాల పట్టికలో మొదటి టీకాకు ముందు తొలి మేత అన్న ఒక వరుస చేర్చితే చాలు.