గేరు పడకపోతే గేర్‌బాక్సు పోయినట్టేనా?

పోయిన నెల పశ్చిమ మాంబళంనుంచి మన సభ్యురాలు ఒకావిడ ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆవిడ భర్త 1966లో కొన్న స్టాండర్డు హెరాల్డు కారు వాకిట్లో ఉన్నది. ఆయన పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి బండి కదలలేదు. మొన్న సెలవులకు వచ్చిన మనవడు కొత్త బ్యాటరీ వేయించి స్టార్టు చేశాడు. ఇంజను పలికింది గాని గేరు మాత్రం పడలేదు. బలవంతాన తోస్తే లోపల ఎవరో పళ్లు నూరినట్టు చప్పుడు. ఒక షెడ్డునుంచి మనిషిని పిలిపిస్తే, అతను గేరు రాడ్డు రెండుసార్లు ఊపి చూసి, "గేర్‌బాక్సు పోయిందమ్మా. విప్పి బాగుచేయాలంటే నలభై వేలు. సామాను దొరకదు. తూకానికి ఇచ్చేయండి" అన్నాడట.

"ఇచ్చేయమంటారా? మా ఇంట్లో అందరూ ఇచ్చేయమనే అంటున్నారు. నాకే మనసొప్పటం లేదు" అని ఆవిడ ప్రశ్న.

ఇది ఉత్తరంలో జవాబు చెప్పగలిగిన సంగతి కాదు. ఆదివారం పొద్దున్నే వెళ్లాను.

హెరాల్డు మన ఊళ్లో పుట్టిన బండి. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీవారు 1959లో తెచ్చిన కారును, 1961నుంచి మద్రాసు స్టాండర్డు మోటారు ప్రోడక్ట్సువారు వండలూరు దగ్గర పెరుంగళత్తూరులో తయారుచేశారు. రూపురేఖలు దిద్దినవాడు ఇటలీకి చెందిన మిచెలోట్టి. చిన్న ఇంజను, 948 సి.సి. తిరువల్లిక్కేణి సందుల్లో కూడా 25 అడుగుల మేర ఉంటే చాలు, చక్కగా వెనక్కు తిరిగేది. 1972లో గెజెల్ వచ్చింది. 1980ల చివరికి ఆ ఫ్యాక్టరీలో కార్ల తయారీయే ఆగిపోయింది. కనుక "సామాను దొరకదు" అన్న మాటలో సగం నిజమున్నది. తక్కిన సగం సంగతి తరవాత చెబుతాను.

ముందు రోగం ఎక్కడున్నదో తేల్చుకోవాలి. గేరు పడకపోవటానికి మూడు చోట్ల కారణం ఉండవచ్చు. రాడ్డుకూ పెట్టెకూ మధ్యనున్న అతుకులు ఒకటి, క్లచ్చి రెండు, పెట్టె లోపలి పళ్లు మూడు. షెడ్డుల్లో మూడోదానితోనే మొదలుపెడతారు. ఎందుకంటే అందులోనే పని ఎక్కువ. మనం మొదటిదానితో మొదలుపెట్టాలి, ఎందుకంటే అందులో ఖర్చు తక్కువ.

పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. ఇంజను ఆపి, క్లచ్చి తొక్కి, గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడండి. ఎక్కడైనా పళ్లకు పళ్లు ఎదురుపడి ఆగితే బండిని ఒక అడుగు నెట్టి మళ్లీ వేయండి. అప్పుడు కూడా రాడ్డు బిగుసుకుంటే తప్పు అతుకుల్లోనో పెట్టెలోనో ఉన్నట్టు. ఇంజను ఆగివున్నప్పుడు సులువుగా పడి, ఇంజను తిరుగుతున్నప్పుడు మాత్రం పడకపోతే, పెట్టెను అనుమానించకండి. క్లచ్చి పూర్తిగా విడటం లేదు.

కారణం తేలికగా అర్థమవుతుంది. తిరగలి పైరాయిని ఎత్తీ ఎత్తకుండా ఎత్తితే కింది రాయికి రాసుకుంటూనే ఉంటుంది గదా! క్లచ్చి ప్లేటు కూడా అంతే. పెడలు తొక్కినప్పుడు అది ఫ్లైవీలునుంచి పూర్తిగా ఎడం కావాలి. వెంట్రుకవాసి తగులుతున్నా, పెట్టెలోకి వెళ్లే ఇరుసు తిరుగుతూనే ఉంటుంది. తిరిగే పళ్లను నిలిచివున్న పళ్లలోకి తోస్తే పళ్లు నూరక ఏం చేస్తాయి?

మాంబళం బండిలో ఇంజను ఆపి చూస్తే నాలుగు గేర్లూ, రివర్సూ వెన్నలో చాకు దిగినట్టు దిగినై. ఇంజను వేసి, క్లచ్చి తొక్కి, అయిదు అంకెలు లెక్కపెట్టి రివర్సు వేస్తే గర్రుమన్నది. పెడలును గబగబా మూడుసార్లు తొక్కి నాలుగోసారి వేయమన్నాను. మెత్తగా పడింది! మనవడి మొహం చూడాలి. తొక్కగా తొక్కగా గేరు పడుతున్నదంటే, క్లచ్చికి తగినంత తోపు అందటం లేదన్న మాట. ఆయిలు తక్కువైనా కావాలి, గొట్టాల్లో గాలి చేరినా కావాలి.

హెరాల్డులో క్లచ్చికి వైరు ఉండదు, ఆయిలు తోపుతో పనిచేస్తుంది. బానెట్టు ఎత్తితే (ఈ బండికి బానెట్టు మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు లేస్తుంది, అంత సౌకర్యం నేటి కార్లకు లేదు) ఇంజను వెనక గోడమీద రెండు చిన్న డబ్బాలు కనిపిస్తాయి. ఒకటి బ్రేకుది, ఒకటి క్లచ్చిది. క్లచ్చి డబ్బా మూత తీస్తే అడుగున తుప్పు రంగు మడ్డి తప్ప ఆయిలు లేదు. మరి అదంతా ఎక్కడికి పోయింది? ముందు సీట్ల మధ్యనున్న తివాచీ ఎత్తి, గేర్‌బాక్సు మీది మూత మరలు విప్పాం. పెట్టె పక్కన క్లచ్చిని తోసే కింది సిలిండరు ఉంటుంది. దాని రబ్బరు టోపీ కొస ఎత్తగానే నల్లటి ఆయిలు కారింది. లోపలి రబ్బరు కప్పు ఎండి, అంచు చిట్లి ఉన్నది. రెండేళ్లు కదలకుండా ఉంటే రబ్బరుకు పట్టే గతి అదే. పైగా బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చే గుణమున్నది. మన ఊరి గాలిలో తేమకు కొదవా? ఆ నీరు సిలిండరు లోపలి గోడలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు రబ్బరును కోస్తుంది. అందుకే బండి నడిచినా నడవకపోయినా రెండేళ్లకొకసారి ఆ ఆయిలు మార్చాలంటారు.

ఇంకొకటి కూడా కనిపించింది. పెడలుకూ పై సిలిండరు కడ్డీకీ మధ్యనున్న పిన్ను అరిగి, దాని రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. అంటే పెడలు ప్రయాణంలో కొంత అక్కడే వృథా. కింది సిలిండరు కడ్డీ కనీసం అర అంగుళమన్నా కదలాలి. కొలిచి చూస్తే అందులో సగం కూడా లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఈ పాఠం డబ్బు పోసి నేర్చుకున్నవాణ్ణి. వెనక నాకొక అంబాసిడరు ఉండేది, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు ఉన్న రకం. ఒకనాడు కత్తిపారా దగ్గర ఫస్టుకూ రివర్సుకూ మధ్య ఇరుక్కుని ఎటూ రాలేదు. వెనక బస్సులు, లారీలు హారన్లు! షెడ్డుకు లాగించాను. పెట్టె దించారు, విప్పారు, బేరింగులు మార్చారు. పదిరోజులకు బండి వచ్చింది. మళ్లీ మూడోనాడు అదే ఇరుకు. చివరికి ఒక టాక్సీ డ్రైవరు బానెట్టు ఎత్తి, స్టీరింగు గొట్టం కింది కడ్డీలను చేత్తో ఒక్క గుంజు గుంజి విడిపించి నవ్వాడు. కడ్డీల చివర్లనున్న చిన్న బుష్‌లు అరిగినై, అంతే. ఆ బుష్‌ల ఖరీదు అప్పట్లో ఒక పూట భోజనం ఖర్చు. స్టీరింగు గేరున్న పాత ఫియట్టు, ప్రీమియర్ పద్మిని బండ్లవారికి కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. ఇప్పటికీ బానెట్టు దగ్గర ఎవరైనా "పెట్టె దించాలి" అంటే నా చెయ్యి జేబుమీదికి పోతుంది.

సరే, మాంబళానికి వద్దాం. సామాను మాట. స్టాండర్డు కంపెనీ లేకపోయినా, రబ్బరు కప్పుకు కంపెనీతో పనిలేదు, కొలతతో పని. సిలిండరు లోపలి వ్యాసం చాలావాటికి ఒంటిమీదే పోతపోసి ఉంటుంది. పాత కప్పు జేబులో వేసుకుని మనవడు జనరల్ ప్యాటర్సు రోడ్డుకు వెళ్లాడు. రెండు దుకాణాల్లో లేదన్నారు, మూడోదాంట్లో దొరికింది. పిన్ను పుదుపేటలో ఒక లేతు షాపులో చేయించాం. పై సిలిండరు లోపల గీతలు పడి ఉంటే కొత్త కప్పు కూడా నిలవదు. అటువంటప్పుడు లోపల స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు వేయించుకోవచ్చు. అదృష్టం బాగుండి ఇక్కడ అంత అవసరం రాలేదు. గీత ఉన్నదీ లేనిదీ గోటితో రాసి చూస్తే తెలుస్తుంది. ఆయిలు గొట్టం మాత్రం ఉబ్బి మెత్తబడింది, కొత్తది వేశాం. ఒక్క మాట: బ్రేకు ఆయిలు చేతికందలేదు గదా అని ఆ డబ్బాలో ఇంజనాయిలు పోసేవారున్నారు. రబ్బర్లన్నీ ఉబ్బి, పని మళ్లీ మొదటికి వస్తుంది.

గాలి తీయటానికి ఇద్దరు కావాలి. కింది సిలిండరు నిప్పిలుకు సన్నని గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో కొద్దిగా పోసిన ఆయిల్లో ముంచాలి. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిప్పిలు వదులు చేసి, బుడగలు రాగానే బిగించాలి. బిగించిన తరవాతే పెడలు వదలాలి. మధ్యమధ్య పై డబ్బాలో ఆయిలు పోస్తూ ఉండాలి, అది ఖాళీ అయితే మళ్లీ గాలే. మేము పాతికసార్లు తొక్కించాం. ఆవిడే పెడలు తొక్కారు! "ఆయన ఎన్నడూ నన్ను ఆ సీట్లో కూర్చోనివ్వలేదు" అన్నారు.

ఆయిలు, కప్పులు, గొట్టం, పిన్ను, కూలి అన్నీ కలిపి నాలుగు వేలు దాటలేదు.

ఇంత చేసినా కొన్ని బండ్లకు గేరు పడదు. పెడలు గట్టిగానే ఉండి, కడ్డీ పూర్తిగా కదులుతూ ఉన్నా పడకపోతే, ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీలుకు అతుక్కుపోయి ఉండవచ్చు. వానాకాలమంతా వాకిట్లో నిలిచిన బండ్లకు ఇది మామూలు. దాన్ని విడిపించటం తెలిసినవాడు ఖాళీ మైదానంలో చేయవలసిన పని, వీధిలో వద్దు.

నిజంగా పెట్టె చెడితే దాని లక్షణాలు వేరు. మిగతా గేర్లు బాగానే పడి, నడుస్తున్నప్పుడు ఏదో ఒక్క గేరే, సాధారణంగా రెండోది, గర్రుమంటే, లోపలి ఇత్తడి రింగు అరిగినట్టు. యాక్సిలరేటరు వదలగానే గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి ఎగిరివస్తే, లోపలి స్ప్రింగులో, బేరింగులో చూడవలసిందే. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు రొదచేసి, క్లచ్చి తొక్కగానే ఆగేది పెట్టె బేరింగు. తొక్కినప్పుడే మొదలయ్యేది క్లచ్చి బేరింగు. వీటికి పెట్టె దించక తప్పదు. హెరాల్డులో పెట్టెను కారు లోపలినుంచే ఎత్తి తీయవచ్చు. కిందికి దూరే కష్టం లేదు, సీట్లు మాత్రం తీసేయాలి.

తప్పు కానిదాన్ని తప్పనుకోవటం కూడా ఉన్నది. మనవడు వీధి చివర మలుపులో, బండి ఇంకా దొర్లుతుండగానే, తన కొత్తకారు అలవాటున ఫస్టు వేశాడు. గర్రుమన్నది. "తాతగారూ, ఇంకా పోలేదు!" అన్నాడు. హెరాల్డు ఫస్టు గేరుకు ఇత్తడి రింగు అసలు లేనేలేదు నాయనా, రెండు, మూడు, నాలుగింటికే. ఫస్టు వేయాలంటే బండి పూర్తిగా ఆగాలి. లేదా పాతవాళ్లు చేసినట్టు న్యూట్రల్‌లో క్లచ్చి వదిలి, కాస్త యాక్సిలరేటరు ఇచ్చి, మళ్లీ తొక్కి వేయాలి. అది నేర్చుకోవటానికి అతనికి సాయంత్రందాకా పట్టింది.

పెట్టెలో ఆయిలు కూడా మార్పించాం. పాత బండ్లకు జి.ఎల్.4 రకం అడిగి తీసుకోండి. జి.ఎల్.5 రకాలు కొన్నిటిలో కలిపే మందులు ఇత్తడి భాగాలను తినేస్తాయి. దించిన ఆయిలును పాత పేపరుమీద పోసి చూస్తే, సన్నని ఇత్తడి పొడి కొంచెం మెరిసింది, ఉక్కు ముక్కలు మాత్రం లేవు.

నాలుగో గేరునుంచి మూడుకు, మూడునుంచి రెండుకు దిగేటప్పుడు, రెండోది మాత్రం కొంచెం మూలుగుతున్నది. ఆ పొడి ఆ రింగుదే కాబోలు. ఎండలు తగ్గాక చూద్దామనుకున్నాం. ప్రస్తుతం ఆవిడ ప్రతి శుక్రవారం ఆ బండిలో మైలాపూరు గుడికి వెళ్లి వస్తున్నారు.